కిడ్నీలో రాయి ఎట్ల పుడుతుంది? పురుగులు సాకే మనం నేర్చుకోవాల్సిన పాఠం



ఈ వారం పురుగుల జబ్బు గురించి కాదు, పురుగులు సాకే మన జబ్బు గురించి రాస్తున్నాను. పాలరోగం వస్తే ఏం చెయ్యాలి, సున్నపుకట్టు వస్తే ఏం చల్లాలి అంటే మన ఇళ్ళల్లో చిన్న పిల్లోళ్ళు కూడా చెప్తారు. మన నడుం పక్కన పోటు వస్తే మాత్రం "ఆకు కోసి కోసి పట్టుకొంది, రేపటికి పోతుందిలే" అనేస్తాము. నేనూ అట్లనే అన్నాను. అందుకే ఈ పాఠం.

రెండేళ్ళ కిందట ఎండాకాలం పంట. పురుగులు నాలుగో జ్వరం లేచి నాలుగు రోజులైంది. పెద్ద పురుగులు ఎట్ల తింటాయో మీకు చెప్పాల్సిన పని లేదు. రాత్రి రెండు గంటలకి ఎడమ పక్కటెముకల కింద మొదలైన నొప్పి ముందుకి తిరిగి గజ్జల్లోకి దిగింది. కూర్చున్నా తగ్గలేదు, పండుకొన్నా తగ్గలేదు. పొద్దున్నే సూది వేయించుకొని వచ్చి మళ్ళీ ఆకుకి పోయినాను. మూడు రోజులు అట్లనే నెట్టుకొచ్చినాను. గూడు కట్టేదాకా ఓర్చుకొంటే చాలు అనుకొన్నాను. మూడో రోజు సాయంత్రం చలిజ్వరం పట్టుకొంది. పక్కింటోళ్ళు బండిలో వేసుకొని పెద్దాసుపత్రికి తీసుకపోయినారు. 6 మిల్లీమీటర్ల రాయి మూత్రం దారికి అడ్డం పడి, వెనకాల నిలిచిన మూత్రంలో చీము పట్టింది. ఆ రాత్రికి ఆ రాత్రే లోపల ఒక గొట్టం పెట్టి మూత్రాన్ని బయటికి వదిలినారు. "ఇంకొక్క రోజు ఆగివుంటే ప్రాణానికే వచ్చేది" అన్నారు డాక్టరమ్మ. తరువాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఏమప్పా, పురుగులు పెద్దవైనప్పుడు నువ్వు రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావు?" అని. నా దగ్గర జవాబు లేదు.

పంట పోలేదు. పక్కింటోళ్ళు ఆకు వేసి కాపాడినారు. నేను పోయింటే ఆ పంట ఎవరికి?

ఇంక పాఠంలోకి పోదాం.

1. కిడ్నీ చేసే పని

మనకి రెండు కిడ్నీలు, నడుముకి పైన, వెన్నెముకకి అటొకటి ఇటొకటి. రక్తాన్ని వడగట్టేది వాటి పని. ఒక రోజులో సుమారు 180 లీటర్లు వడగడతాయి. అందులో దాదాపు అంతా మళ్ళీ ఒంట్లోకే పోతుంది. మిగిలిన ఒకటిన్నర, రెండు లీటర్లు మూత్రంగా బయటికి వస్తుంది. ఒంటికి అక్కరలేని ఉప్పులు, యూరియా, యూరిక్ యాసిడ్, ఎక్కువైన కాల్షియం, ఆక్సలేట్ అన్నీ ఆ మూత్రంలోనే కరిగి పోవాలి.

కిడ్నీ నుంచి మూత్రసంచికి పోయే గొట్టం సుమారు 25 సెంటీమీటర్ల పొడుగు. లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే. ఇంత చిన్న రాయికి అంత నొప్పి ఎందుకంటే దారే అంత సన్నం.

2. రాయి పుట్టే విధానం: కలకండ లెక్క

కలకండ ఎట్ల చేస్తారో చూసినారా? చక్కెర పాకాన్ని చిక్కగా కాచి, అందులో దారాలు వేలాడదీసి కదలకుండా పెడతారు. నీళ్ళు తక్కువ, చక్కెర ఎక్కువ. ఇంక కరగలేని చక్కెర దారాన్ని పట్టుకొని గడ్డ కడుతుంది. ఒకసారి చిన్న పలుకు ఏర్పడితే దాని మీద ఇంకొకటి, ఇంకొకటి. అదే పాకంలో నీళ్ళు ఎక్కువ పోసివుంటే కలకండ కట్టేదా? కట్టదు.

కిడ్నీలో జరిగేదీ ఇదే. మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్ అందరికీ ఉంటాయి. నీళ్ళు చాలినన్ని ఉంటే కరిగి పోతాయి. నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడి, కరగలేనిది పలుకుగా మారుతుంది. ఆ పలుకు కిడ్నీ లోపలి గోడని పట్టుకొంటే అక్కడే నెలలు, ఏళ్ళు పెరుగుతుంది. కిడ్నీలో ఉన్నన్ని దినాలు చాలామందికి ఏ నొప్పీ ఉండదు. జారి గొట్టంలోకి దిగినప్పుడే నొప్పి.

దీనికి అడ్డుపడే పదార్థం కూడా మూత్రంలో ఉంది. దాని పేరు సిట్రేట్. అది కాల్షియాన్ని తాను పట్టుకొని ఆక్సలేట్ దగ్గరికి పోనీయదు. నిమ్మకాయ, నారింజ, బత్తాయి లాంటి పుల్లటి పండ్లల్లో సిట్రేట్ ఎక్కువ.

అంటే రాయి పుట్టేదానికి దారులు మూడు: నీళ్ళు తక్కువయ్యేది, రాయి సరుకు ఎక్కువయ్యేది, సిట్రేట్ తగ్గేది.

ఒరిస్సా, విదర్భ వైపు టసర్ సాకే మనవాళ్ళకి ఒక మాట. టసర్ గూడు రాయి మాదిరి గట్టిగా ఉంటుంది కదా. ఆ గూడు మీద ఉండే పలుకులు కూడా ఈ కాల్షియం ఆక్సలేటే. పురుగు తన ఒంట్లో ఎక్కువైన దాన్ని బయటికి వదిలి గూటికే పూస్తుంది. పురుగు బయటికి పంపేసి బతుకుతుంది. మనం లోపలే నిలబెట్టుకొని బాధపడతాము.

3. రాళ్ళల్లో రకాలు

అన్ని రాళ్ళూ ఒకటి కాదు. అందుకే పక్కింటాయనకి ఇచ్చిన మందు మనకి పని చెయ్యకపోవచ్చు.

కాల్షియం రాళ్ళు: పది మందిలో ఏడెనిమిది మందికి ఉండేవి ఇవే. ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్, కొన్ని కాల్షియం ఫాస్ఫేట్. కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు లేదు. బయటికి పోవాలి, లేదా తీయాలి.

యూరిక్ యాసిడ్ రాళ్ళు: మూత్రంలో పులుపు గుణం ఎక్కువైనప్పుడు పుడతాయి. షుగర్ ఉన్నోళ్ళకి, లావుగా ఉన్నోళ్ళకి, గౌట్ అనే కీళ్ళనొప్పి ఉన్నోళ్ళకి ఎక్కువ. వీటిని మాత్రం డాక్టరు ఇచ్చే మందుతో కరిగించవచ్చు.

చీము రాళ్ళు: మూత్రంలో మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చేవాళ్ళకి పుడతాయి. ఆడవాళ్ళల్లో ఎక్కువ. నొప్పి పెద్దగా లేకుండానే పెరిగి, దుప్పికొమ్ము మాదిరి కిడ్నీ అంతా పరుచుకొంటాయి.

సిస్టీన్ రాళ్ళు: ఇవి చాలా అరుదు. పుట్టుకతో వచ్చే లోపం. చిన్న వయసులోనే మళ్ళీ మళ్ళీ రాళ్ళు వస్తుంటే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు.

రాయి పడితే పారేయకండి. కాగితంలో చుట్టి డాక్టరు దగ్గరికి తీసుకపోండి. పరీక్ష చేస్తే ఏ రకమో తెలుస్తుంది, దాన్నిబట్టి జాగ్రత్త చెప్తారు.

4. రాయి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది

ఉప్పు: చాలామందికి తెలియని శత్రువు ఇదే. ఉప్పు ఎక్కువ తింటే దాన్ని బయటికి పంపేటప్పుడు కిడ్నీ కాల్షియాన్ని కూడా వెంట పంపుతుంది. మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. రోజుకి ఒక మనిషికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలి, అంటే ఒక చిన్న చెంచా, అన్నింటిలో కలిపి. పురుగులు పెద్దవైనప్పుడు మన ఇంట్లో వంటకి టైం ఉండదు. అన్నం, ఊరగాయ, అప్పడం, ఎండు చేప, అంగడి నుంచి కారాలు. ఆ వారమంతా మనం తినేది ఉప్పే.

మాంసం: కోడి, మేక, చేప అన్నీ ఇందులోకే వస్తాయి. ఎక్కువ తింటే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, సిట్రేట్ తగ్గుతుంది. మానేయమని కాదు. గూడు అమ్మి మార్కెట్టు నుంచి వస్తూ తెచ్చుకొంటే తప్పు లేదు. వారమంతా, పూటపూటా వద్దు.

ఆక్సలేట్: పాలకూర, తోటకూర, బీట్‌రూట్, జీడిపప్పు, బాదం, పాలు లేని టీ, చాక్లెట్ లాంటివాటిలో ఎక్కువ. అందులోనూ పాలకూర మొదటిది. ఒకసారి రాయి వచ్చినోళ్ళు పాలకూర తగ్గించాలి, తిన్నప్పుడు పెరుగుతో తినాలి. ఎందుకో కింద చెప్తాను.

మాత్రలు: విటమిన్ సి 1000 మిల్లీగ్రాముల మాత్రలు రోజూ మింగితే అందులో కొంత ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది. నిమ్మకాయ, జామకాయ తింటే ఆ భయం లేదు.

వంశం, ఇతర జబ్బులు: నాయనకి, అన్నకి రాళ్ళు ఉంటే మనకి వచ్చే అవకాశం ఎక్కువ. గొంతులో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువ పని చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి రాళ్ళు వస్తాయి. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకి డాక్టరు రక్తంలో కాల్షియం చూసేది ఇందుకే.

5. మనకే ఎందుకు ఎక్కువ భయం

ఎండలో, వేడిలో పని చేసే అందరికీ రాళ్ళ భయం ఎక్కువ. చెమటగా పోయిన నీళ్ళు మూత్రంలో తగ్గుతాయి. దాని మీద మన పనికి సొంతంగా కొన్ని ఉన్నాయి.

మొదటిది, షెడ్డు పద్ధతి. బయటికి పోయి వచ్చిన ప్రతిసారీ చేతులు కడగాలి, కాళ్ళు మందు నీళ్ళల్లో ముంచాలి. రోగం రాకుండా అది చెయ్యాల్సిందే. అయితే అంత పని ఎందుకని మనం చేసేదేమి? ఒంటికి పోకుండా ఓర్చుకొంటాము. ఒంటికి పోకూడదని నీళ్ళే తాగము.

రెండోది ఆడవాళ్ళ కష్టం. తోట దగ్గరుండే షెడ్డులకి చాలా చోట్ల మరుగుదొడ్డి లేదు. పొద్దున ఆకుకి పోయిన అక్కచెల్లెళ్ళు చీకటి పడేదాకా గొంతు తడుపుకోరు. దీంతో రాయి భయం ఒకటి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ భయం ఇంకొకటి. అన్నలారా, షెడ్డుకి స్టాండ్లు, నెట్లు, స్ప్రేయర్లు కొంటాము. పక్కన ఒక మరుగుదొడ్డి కట్టించేది కూడా షెడ్డు ఖర్చులోనే రాసుకోండి.

మూడోది నీళ్ళ బదులు టీ. "పొద్దున్నుంచి ఆరు టీలు తాగినాను" అంటారు. అంగడి చిన్న గ్లాసులో 100 మిల్లీలీటర్లు కూడా ఉండదు. ఆరు టీలు కలిపినా అర లీటరుకి కొంచెం అటూఇటూ.

6. తప్పు నమ్మకాలు

"బోరు నీళ్ళల్లో సున్నం ఉంది, అందుకే రాళ్ళు." పాత్ర అడుగున కట్టే తెల్లపొరని చూసి ఇట్ల అనుకొంటాము. ఆ పొర కాల్షియం కార్బొనేట్. కిడ్నీ రాళ్ళు ఎక్కువ భాగం ఆక్సలేట్. నీళ్ళ గట్టిదనం కంటే తాగే నీళ్ళు చాలకపోయేదే పెద్ద కారణం. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు లోతు బోర్లల్లో ఫ్లోరైడ్ ఉంది. అది పండ్లకి, ఎముకలకి చెరుపు. దానికోసం ఫిల్టర్ నీళ్ళు తెచ్చుకొనేది మంచిదే. అయితే క్యాన్ నీళ్ళు తెచ్చిపెట్టి రోజుకి మూడు గ్లాసులు తాగితే రాయి ఆగదు.

"కాల్షియం రాయి కదా, పాలు, పెరుగు, రాగిముద్ద మానేయాలి." ఇది పెద్ద తప్పు. మనం తిన్న కాల్షియం కడుపులోనే ఆక్సలేట్‌ని పట్టుకొని విరేచనంలో తీసుకపోతుంది. పాలు పెరుగు మానేస్తే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి పోతుంది. 1993లో అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్ళని గమనించినప్పుడు, తిండిలో కాల్షియం ఎక్కువ తిన్నవాళ్ళకే రాళ్ళు తక్కువ వచ్చినాయి. 2002లో ఇటలీ డాక్టర్లు ఐదేళ్ళు చూసినారు. కాల్షియం మామూలుగా తిని, ఉప్పు, మాంసం తగ్గించినవాళ్ళకి, కాల్షియం తగ్గించినవాళ్ళకంటే సగం మందికే మళ్ళీ రాయి వచ్చింది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంది. ముద్ద మానకండి, భోజనంతో పెరుగో మజ్జిగో పెట్టుకోండి. కాల్షియం మాత్రలు మాత్రం డాక్టరుని అడిగే వేసుకోండి.

"టమోటా గింజలు పోయి రాయి అవుతాయి." తిన్న గింజ కిడ్నీకి పోయే దారే లేదు. అది కడుపు, పేగుల దారిలోనే పోతుంది. టమోటాలో ఆక్సలేట్ కూడా తక్కువే.

"బీరు తాగితే రాయి కొట్టుకపోతుంది." బీరు అప్పటికి మూత్రం పోయిస్తుంది, తరువాత ఒంట్లో నీళ్ళు తగ్గిస్తుంది. యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది.

"ఉలవకట్టు, అరటిబోదె రసం, కొండపిండాకు తాగితే కరుగుతుంది." పెద్దలు చెప్పినవి, తీసిపారేయను. అవి తాగినప్పుడు నీళ్ళు కూడా ఎక్కువ పోతాయి, చిన్న రాయి దాంతో పడిపోవచ్చు. అయితే 10 మిల్లీమీటర్ల రాయిని అవి కరిగించవు. వాటిని నమ్ముకొని స్కానింగ్‌కి పోకుండా నెలలు గడపకండి.

7. ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి

ముందు నొప్పిని గుర్తుపట్టండి. ఆకు కోసినందుకు వచ్చే నడుంనొప్పి వంగితే ఎక్కువ, పండుకొంటే తక్కువ. రాయి నొప్పికి ఎట్ల పండుకొన్నా సుఖం ఉండదు, మనిషి ఒక చోట నిలవలేడు. అలలు అలలుగా వస్తుంది. పక్క నుంచి గజ్జల్లోకి దిగుతుంది. వాంతి వస్తుంది, మూత్రం ఎర్రగా పోవచ్చు.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు, అంటే ఇంచుమించు కందిగింజంత, చాలావరకు తామే పడిపోతాయి. 10 మిల్లీమీటర్లు దాటితే పడేది కష్టం. మధ్యలో ఉండేవాటికి డాక్టరు చూసి చెప్పాలి.

కింద చెప్పినవి ఏది ఉన్నా పురుగులు ఏ జ్వరంలో ఉన్నా సరే, అదే రోజు పోవాల:

నొప్పితో పాటు చలి, జ్వరం. ఇది అన్నిటికంటే ప్రమాదం.
మూత్రం పూర్తిగా ఆగిపోయేది.
నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు.
ఒకే కిడ్నీ ఉన్నోళ్ళు, గర్భిణీలు, షుగర్ ఉన్నోళ్ళకి రాయి నొప్పి వస్తే.

ఇంకొక మాట. నొప్పి పోయిందంటే రాయి పోయిందని కాదు. రాయి అడ్డం పడి అట్లనే ఉండి, నొప్పి తగ్గిపోవచ్చు. లోపల కిడ్నీ ఉబ్బి, సద్దు లేకుండా చెడిపోతుంది. నొప్పి తగ్గినా స్కానింగ్ చేయించి, రాయి పోయిందని చూసుకోండి.

నొప్పి సూది డాక్టరు వేసేది మంచిదే. మెడికల్ షాపులో మనమే కొనుక్కొని దినాల తరబడి నొప్పి మాత్రలు మింగితే, నీళ్ళు తక్కువైన ఒంట్లో అవే కిడ్నీని చెరుపుతాయి.

8. మేత లెక్కతో నీళ్ళ లెక్క

ఒకసారి రాయి వచ్చినోళ్ళల్లో జాగ్రత్త లేకపోతే పదేళ్ళల్లో దాదాపు సగం మందికి మళ్ళీ వస్తుంది. జాగ్రత్త కష్టమైంది కాదు. 1996లో ఇటలీలో, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు గుంపులు చేసి ఐదేళ్ళు చూసినారు. నీళ్ళు బాగా తాగి రోజుకి 2 లీటర్లకి పైగా మూత్రం పోసిన గుంపులో నూటికి 12 మందికి మళ్ళీ వచ్చింది. మామూలుగా ఉన్న గుంపులో నూటికి 27 మందికి. మందు లేదు, మాత్ర లేదు, నీళ్ళే.

రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. ఎండలో పని చేసే మనకి దానికి మూడు, నాలుగు లీటర్లు తాగాల. గుండె జబ్బు, కిడ్నీ ఫెయిలైనోళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగండి.

మనం గడియారం చూసేది తక్కువ, మేత వేళలు మరిచేది లేదు. అందుకే నేను ఇట్ల పెట్టుకొన్నాను:

లేచిన వెంటనే అర లీటరు.
ఆకుకి పోయేటప్పుడు ఒక లీటరు సీసా వెంట, ఖాళీ చేసి రావాల.
పురుగులకి మేత వేసిన ప్రతిసారీ, వేసి బయటికి రాగానే అర లీటరు. మూడు మేతలకి ఒకటిన్నర.
మధ్యాహ్నం ఒక నిమ్మకాయ పిండిన నీళ్ళు, ఉప్పు లేకుండా.
రాత్రి పండుకొనే ముందు ఒక గ్లాసు. రాత్రిపూటే మూత్రం ఎక్కువ చిక్కబడుతుంది.

సరిపోయిందా లేదా అని తెలుసుకొనేదానికి మెషిన్ అక్కరలేదు. మూత్రం రంగు చూడండి. లేత గడ్డి రంగులో ఉంటే సరి. డికాక్షన్ రంగుకి తిరిగితే ఆ క్షణమే చెంబు ఎత్తండి.

ఆకులో తేమ తగ్గితే పురుగు ఎట్ల వాడిపోతుందో మనకి తెలుసు. గోనెపట్టా తడిపి ఆకు మీద కప్పుతాము. షెడ్డులో తేమ తగ్గితే నేల తడుపుతాము. పురుగుకి ఇంత చూసే మనం మన ఒంట్లో తేమ ఎప్పుడు చూసుకొన్నాము?

ఇది చదివినోళ్ళు మీ ఇంట్లో ఆడవాళ్ళకి తప్పకుండా చదివి వినిపించండి. షెడ్డు గోడకి "మేత వేసినావా, నీళ్ళు తాగినావా?" అని సున్నంతో రాసుకోండి. మా షెడ్డులో రాసుకొన్నాము.

అందరి పంటా బాగా రావాల, గూటికి మంచి రేటు పలకాల. ఆ దుడ్డు ఆసుపత్రికి కాకుండా మన పిల్లోళ్ళ చదువులకి పోవాల.